సెన్సర్‌కు తెలియని రంగు

టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్లల చేతికో పొట్టకో అతికించే సెన్సర్ చూడటానికి రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. దాని అడుగున వెంట్రుక లాంటి సన్నటి తీగ ఒకటి చర్మం కిందికి దిగి, కణాల మధ్య ఉండే ద్రవంలో గ్లూకోజ్ ఎంతుందో కొలుస్తుంది. తీగ మీద ఉన్న ఎంజైమ్ గ్లూకోజ్‌తో కలిసినప్పుడు పుట్టే కొద్దిపాటి కరెంటే ఆ కొలతకు ఆధారం. అయిదు నిమిషాలకోసారి, అంటే రోజుకు 288 సార్లు, ఆ అంకె ఫోనుకు చేరుతుంది. ఇందులో ఎక్కడా చర్మం రంగుతో పని లేదు.

అన్ని వైద్య పరికరాల గురించీ ఈ మాట అనలేం. కోవిడ్ రోజుల్లో ఇంటింటా వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటర్ చర్మం గుండా కాంతిని పంపి ఆక్సిజన్ కొలుస్తుంది. చర్మం నల్లగా ఉంటే ఆ కొలత తప్పే అవకాశం పెరుగుతుంది. రక్తంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా ఆ పరికరం పసిగట్టలేకపోవడం తెల్లవారి కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని మిషిగన్ వైద్యులు 2020 డిసెంబరులో చూపించారు. అక్కడ లోపం పరికరానిది, కాబట్టి ఇంజనీర్లు దాన్ని సరిదిద్దగలరు. షుగర్ సెన్సర్‌కు ఆ లోపం లేదు. అయినా అమెరికాలో అది తెల్లజాతి పిల్లలకు అందినంతగా నల్లజాతి పిల్లలకు అందలేదు. యంత్రం చూడని రంగును చూస్తున్నది ఎవరు? ఈ ప్రశ్న వైద్యుల మధ్యే ఉండిపోవాల్సింది కాదు. ఒక బిడ్డను నమ్మడం, నమ్మకపోవడం అనేవి ఎక్కడ మొదలవుతాయో అది అడుగుతుంది.

ముందు ఆ సెన్సర్ ఒక ఇంట్లో ఏం మారుస్తుందో చూడాలి. టైప్ 1లో ఇన్సులిన్ తయారుచేసే క్లోమంలోని బీటా కణాలను శరీర రక్షణ వ్యవస్థే నాశనం చేస్తుంది. బిడ్డ తిన్న మిఠాయిల వల్లో, తల్లిదండ్రుల అజాగ్రత్త వల్లో వచ్చే జబ్బు కాదిది. వచ్చాక ఇన్సులిన్ జీవితాంతం బయటి నుంచే ఇవ్వాలి. మోతాదు ఎక్కువైతే చక్కెర పడిపోయి బిడ్డకు ఫిట్స్ రావచ్చు, స్పృహ తప్పవచ్చు. తక్కువైతే రక్తంలో ఆమ్లం పెరిగి ఐసీయూకు చేరాల్సి రావచ్చు. అందుకే ఎన్నో ఇళ్లలో అర్ధరాత్రి రెండింటికి అలారం మోగుతుంది. తల్లి లేచి, నిద్రలో ఉన్న బిడ్డ చేతిని దుప్పట్లోంచి మెల్లగా బయటికి తీస్తుంది. వేలి కొసన కాకుండా, నొప్పి తక్కువ ఉండే పక్క భాగాన లాన్సెట్ నొక్కుతుంది. చుక్క సరిపోకపోతే వేలిని పిండుతుంది. స్ట్రిప్ ఆ చుక్కను పీల్చుకున్న కొన్ని క్షణాలకు మీటర్ మీద అంకె వస్తుంది: 92. చూడటానికి మంచి అంకే. అయితే ఆ 92 పైకి పోతున్నదా, కిందికి జారుతున్నదా? మీటర్ చెప్పదు. జారుతుంటే మరో అరగంటలో 60 అవుతుంది. ఆమె పడుకోవచ్చా, బిడ్డను లేపి పళ్లరసం తాగించాలా?

వరద రోజుల్లో భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు ఉందన్న వార్త ఒక్కటే వింటే ఎవరూ నిర్ణయం తీసుకోలేరు. పెరుగుతున్నదా, తగ్గుతున్నదా, గంటకు ఎంత చొప్పున అన్నది తెలిస్తేనే సామాన్లు సర్దాలో వద్దో తేలుతుంది. వేలి పోటు ఇచ్చేది నీటిమట్టాన్ని మాత్రమే, సెన్సర్ ప్రవాహాన్ని కూడా చూపుతుంది. అంకె పక్కన బాణం గుర్తు పెట్టి ఎటు పోతున్నదో చెబుతుంది. 70 దాటి కిందికి పడితే అలారం మోగిస్తుంది. పక్క గదిలో ఉన్న తల్లి ఫోనుకు, ఆఫీసులో ఉన్న తండ్రి ఫోనుకు అదే అంకె పంపుతుంది. అది ఇచ్చేది సమాచారమే, కానీ ఆ ఇంటికి అదే నిద్ర, అదే ధైర్యం.

ఆ ధైర్యం ఎవరికి ఎంత దక్కిందో కొందరు వైద్యులు లెక్కవేశారు. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో చికిత్స పొందిన పిల్లల వివరాలతో 2021లో వెలువడిన అధ్యయనంలో, సగానికి పైగా తెల్లజాతి పిల్లలు సెన్సర్ మొదలుపెట్టగా, నల్లజాతి, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లల్లో మూడోవంతు లోపలే మొదలుపెట్టారు. ఏడాది తర్వాత దాన్ని ఇంకా వాడుతున్నవారు తెల్లజాతి పిల్లల్లో నూటికి 86 మంది, నల్లజాతి పిల్లల్లో 61 మంది. ఇన్సులిన్‌ను కొద్దికొద్దిగా ఒంట్లోకి ఎక్కించే పంపుల సంగతి అంతకు ముందే తెలుసు. అమెరికా అంతటా పదివేల మందికి పైగా పిల్లలను పరిశీలించిన 2015 నాటి అధ్యయనంలో పంపు వాడకం తెల్లజాతి పిల్లల్లో 61 శాతం, హిస్పానిక్ పిల్లల్లో 39 శాతం, నల్లజాతి పిల్లల్లో 26 శాతం.

డబ్బున్నవాళ్లకు దొరుకుతుంది, లేనివాళ్లకు దొరకదు, ఇందులో జాతి ఎక్కడుంది అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ పరిశోధకులూ అడిగారు. కుటుంబ ఆదాయం, తల్లిదండ్రుల చదువు, బీమా రకం వంటివన్నీ సమం చేసి మళ్లీ లెక్కవేశారు. తేడా తగ్గింది కానీ పోలేదు. ఆదాయం తీసేసి, చదువు తీసేసి, బీమా తీసేసి చూసినా మిగిలే ఆ తేడా ఏమిటి? గణితం దాన్ని ‘జాతి’ అని పిలుస్తుంది, ఎందుకంటే పట్టికలో ఆ పేరుతో ఒక గడి ఉంది. ఆ గడిలో ఉన్నది రక్తమా, చరిత్రా అన్నది గణితం చెప్పదు. అది మనం ఆలోచించి తేల్చుకోవాలి.

రక్తమే అని చెప్పిన మనిషి ఒకరు ఉన్నారు. ప్రుడెన్షియల్ బీమా సంస్థలో గణాంకాలు చూసిన ఫ్రెడరిక్ హాఫ్‌మన్ 1896లో ఒక పుస్తకం రాశాడు. నల్లజాతివారిలో మరణాలు ఎక్కువ కావడానికి వాళ్ల జాతి లక్షణాలే కారణమని, వాళ్లకు బీమా ఇవ్వడం నష్టమని అందులో పట్టికల మీద పట్టికలు వేసి వాదించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అనే యువ నల్లజాతి పండితుడు ఫిలడెల్ఫియా ఏడో వార్డులో ఇంటింటికీ తిరుగుతున్నాడు. గదులెన్ని, అద్దె ఎంత, పనేమిటి, నీళ్లెక్కడివి అని అడిగి రాసుకున్నాడు. 1899లో వచ్చిన అతని గ్రంథమూ, 1906లో అతని సంపాదకత్వంలో వెలువడిన నల్లజాతి ఆరోగ్య నివేదికా ఒకే సంగతిని తేల్చాయి: చావుల తేడా రక్తంలో లేదు, బతికే పరిస్థితుల్లో ఉంది. ఇద్దరి ముందూ ఉన్నవి ఇంచుమించు ఒకే రకం అంకెలు. ఒకరు పట్టిక దగ్గరే ఆగిపోయారు. మరొకరు తలుపు తట్టారు.

అదే ఊళ్లో నూట పాతికేళ్ల తర్వాత, పిల్లల ఒంటి మీద సెన్సర్ ఉందా లేదా అన్న లెక్కలో మళ్లీ అదే గడి ఎదురైంది. ఇప్పటి పరిశోధకులు హాఫ్‌మన్ దారి పట్టలేదు, తేడాను అన్యాయంగానే గుర్తించారు. అయినా ఒక చిక్కు మిగిలే ఉంది, దాన్ని దాటేసి పోవడం నిజాయితీ కాదు.

ఆ చిక్కు హెచ్‌బీఏ1సీ పరీక్షది. గత రెండు మూడు నెలల్లో చక్కెర సగటున ఎంతుందో చెప్పే రక్తపరీక్ష అది. ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్‌కు ఎంత గ్లూకోజ్ అతుక్కుందో చూసి లెక్కవేస్తారు. 104 మంది నల్లజాతివారికీ, 104 మంది తెల్లజాతివారికీ పన్నెండు వారాల పాటు సెన్సర్ పెట్టి, ఆ సగటునూ ఈ పరీక్షనూ పోల్చిన అధ్యయనం 2017లో వెలువడింది. నిజమైన చక్కెర సగటు ఒకటే అయినా, నల్లజాతివారిలో ఈ పరీక్ష సగటున 0.4 శాతం పాయింట్లు ఎక్కువ చూపింది. ఎర్రకణాల ఆయుష్షు, గ్లూకోజ్ అతుక్కునే తీరు మనిషికీ మనిషికీ మారుతుంటాయి. కొన్ని సమూహాల సగటులోనూ చిన్న తేడా కనిపించవచ్చు. రెండు సమూహాల మధ్య కనిపించిన ఆ 0.4 కంటే, ఒకే సమూహంలోని ఇద్దరి మధ్య ఉండే తేడా తరచూ పెద్దదిగా ఉంటుంది.

మరి ఏం చేయాలి? నల్లజాతి పిల్లల రిపోర్టులోంచి 0.4 తీసేసి చదవాలా? అలా చేస్తే ఒక బిడ్డ రక్తాన్ని ఆ బిడ్డ పుట్టిన సమూహం పేరుతో చదివినట్టవుతుంది. మూత్రపిండాల పనితీరు లెక్కలో అమెరికా వైద్యులు చాలా ఏళ్లు అదే చేశారు. నల్లజాతివారికి వేరే గుణకం పెట్టారు. దానివల్ల జబ్బు ముదిరినా కొందరికి కిడ్నీ మార్పిడి జాబితాలో చోటు ఆలస్యమైందని గ్రహించి, 2021లో ఆ గుణకాన్ని తీసేయాలని నిపుణుల సంఘం సిఫార్సు చేసింది. తేడాను పట్టించుకోకుండా అందరినీ ఒకే గీతతో కొలిస్తేనో? నిజానికి చక్కెర అదుపులోనే ఉన్న బిడ్డకు ‘సరిగా చూసుకోవడం లేదు’ అన్న ముద్ర పడుతుంది. ఇన్సులిన్ పెంచితే చక్కెర పడిపోయే ప్రమాదమూ ఉంటుంది. రెండు దారులూ బిడ్డను సగటు కింద నలిపేవే.

ఈ ఇరకాటంలోంచి బయటికి తెచ్చేది సెన్సరే. అది ఆ ఒక్క బిడ్డ చక్కెరనే నేరుగా చూస్తుంది. సమూహం సగటుతో దానికి పని లేదు. అంటే, సగటు పరీక్ష ఎవరి విషయంలో ఎక్కువగా తప్పుదారి పట్టించవచ్చో, నేరుగా చూసే పరికరం ముందుగా కావలసింది వాళ్లకే. నడిచిన చరిత్ర దీనికి సరిగ్గా తిరగబడి ఉంది. ఈ అన్యాయం సాధారణ వస్తువు అందకపోవడం లాంటిది కాదని నాకనిపించేది ఇక్కడే. ఒక బిడ్డ గురించి నిజం తెలుసుకునే సాధనాన్ని ఇవ్వకుండా, అది లేనందువల్లే వచ్చిన అంకెను చూపించి ఆ బిడ్డనూ తల్లినీ తప్పుపట్టడం ఇందులో ఉంది.

ఇది ఎలా జరుగుతుంది? డాక్టరు గదిలో చెడ్డ మనసు ఉండాల్సిన అవసరం కూడా లేదు. చాలాకాలం అక్కడి ఆలోచన ఇలా సాగింది: పరికరం ఖరీదైనది, వాడటానికి శ్రద్ధ కావాలి, కాబట్టి ముందు శ్రద్ధ చూపించిన కుటుంబాలకు ఇద్దాం. శ్రద్ధకు రుజువేమిటి? రోజుకు నాలుగుసార్లు వేలు పొడిచి పుస్తకంలో రాసిన అంకెలు, తప్పకుండా హాజరైన అపాయింట్‌మెంట్లు, బాగున్న హెచ్‌బీఏ1సీ. రెండు ఉద్యోగాలు చేసే తల్లి అపాయింట్‌మెంట్‌కు రాలేకపోతే ఆమె ఖాతాలో శ్రద్ధ లేదని పడుతుంది. వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్‌లో సైతం రోజుకు నాలుగుసార్లు పరీక్షించుకుంటున్నట్టు చూపితేనే సెన్సర్ అన్న షరతు 2021 జూలై దాకా ఉండింది. పేద కుటుంబాల పిల్లలకు ఆధారమైన మెడికెయిడ్‌లో ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివి. అమెరికాలో పిల్లల డయాబెటిస్ చూసే వైద్య సిబ్బంది మీద జరిపిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. ఒకే రకమైన రోగి వివరాలు ఇచ్చి, బీమా ఒక్కటే మార్చి, ఎవరికి ఏ పరికరం సిఫార్సు చేస్తారని అడిగారు. ప్రైవేటు బీమా ఉన్న బిడ్డ వైపే ఎక్కువమంది మొగ్గారు. నల్లజాతి పిల్లల్లో ప్రభుత్వ బీమా మీద ఆధారపడ్డవారు ఎక్కువ కాబట్టి, రంగు గురించి ఎవరూ ఒక్క మాట అనకుండానే రంగు తేడా పుట్టుకొస్తుంది.

ఈ ‘ముందు నిరూపించుకో’ అన్న పద్ధతిలో ఉన్న తర్కదోషం చిన్నది కాదు. అవసరాన్ని కొలవాల్సిన చోట యోగ్యతను కొలుస్తున్నాం. ఈత బాగా వచ్చినవాడికే తాడు విసిరే పద్ధతిని ఎవరూ ఒప్పుకోరు. చక్కెర బాగా అదుపులో ఉన్న బిడ్డకే అదుపు సాధనం ఇవ్వడాన్ని మాత్రం జాగ్రత్త అని పిలుస్తూ వచ్చాం. పైగా ఆ అదుపు విలువను నిరూపించిన ప్రయోగం కూడా దాదాపు ఒకే వర్గం మీద జరిగింది. చక్కెరను గట్టిగా అదుపు చేస్తే కంటి రెటీనా జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గుతుందని 1993లో ప్రపంచానికి తెలిపిన మహా పరిశోధనలో పాల్గొన్నది 1,441 మంది. వాళ్లలో దాదాపు అందరూ తెల్లవారే.

ఇన్సులిన్ కథ మొదలైంది ఇందుకు పూర్తి భిన్నంగా. 1922 జనవరిలో టొరంటో జనరల్ ఆసుపత్రి ఉచిత వార్డులో పడివున్న పద్నాలుగేళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు తొలి ఇన్సులిన్ సూది పడింది. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ మిగలని పేద కుర్రాడు అతను. మొదటి మందు సరిగా పనిచేయకపోతే, శుద్ధి చేసిన మందు పన్నెండు రోజుల తర్వాత ఇచ్చారు. అది అతన్ని నిలబెట్టింది. అతనికి యోగ్యత ఉందా అని ఎవరూ అడగలేదు, చావుబతుకుల్లో ఉన్నాడన్నదే చూశారు. ఆ ఏడాది ఆగస్టుకు ఇన్సులిన్ కోసం ఎదురుచూసేవాళ్లు వేలల్లో ఉండగా, అమెరికా విదేశాంగ మంత్రి కూతురు ఎలిజబెత్ హ్యూస్, ఆ మందు కనుక్కున్నవారిలో ఒకరైన బాంటింగ్ దగ్గరికి చేరగలిగింది. ఆమె బతికి, 1981 దాకా జీవించింది. ఆమె బతకడం సంతోషమే. ఆ తలుపు తెలిసిన కుటుంబం లేని బిడ్డలు ఎందరన్నది మాత్రం చరిత్రలో పేర్లు లేని లెక్క. మందు కనుక్కున్నవాళ్లు పేటెంటు హక్కును ఒక్కొక్కరూ ఒక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. అయినా మందు పుట్టిన మొదటి ఏడాదే, అందే తీరులో మనుషుల హోదా చేరింది.

ఇక్కడ ఎదురు వాదన ఒకటి వినాలి. కొన్ని కుటుంబాలు తామే వద్దంటాయి కదా, మొదలుపెట్టినవాళ్లలో కొందరు ఆపేస్తారు కదా అంటారు. నిజమే. క్లాసులో అలారం మోగితే అందరూ తిరిగి చూస్తారని సిగ్గుపడే పిల్లలున్నారు. జిగురు పడక దురద పెట్టే చర్మాలున్నాయి. ఇంట్లోనూ బళ్లోనూ ప్రతి అంకెకూ సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం ఒక టీనేజరుకు భారమే. వద్దనే హక్కు ఎవరికైనా ఉండాలి. కానీ వద్దనడానికి అర్థం ఉండాలంటే ముందు ఇస్తామన్న మాట వినబడాలి, ఆ మాట చెప్పినవాళ్ల మీద నమ్మకమూ ఉండాలి. అలబామాలోని టస్కీగీలో నల్లజాతి పురుషుల సిఫిలిస్‌కు పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వకుండా, 1932 నుంచి 1972 వరకు జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నది ప్రభుత్వ ఆరోగ్యశాఖే. ఆ జ్ఞాపకమున్న ఇళ్లలో, ఒంటికి అతికించి నిరంతరం గమనించే యంత్రం మీద అనుమానం రావడం అజ్ఞానం కాదు. ఆపేసినవాళ్లను లెక్కపెట్టేటప్పుడు కూడా, ఎందుకు ఆపారో అడగాలి. బిడ్డకు ఇష్టం లేకనా? అనుమతి కాగితం గడువు తీరి కొత్త సెన్సర్లు రాకనా? ఈ రెండూ ఒకే గడిలో పడితే ఆ లెక్క మనకు అబద్ధం చెబుతుంది.

తలుపు తెరిస్తే ఏమవుతుందో చెప్పే అనుభవాలు ఇప్పుడున్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో జబ్బు బయటపడిన తొలి నెలలోనే, ఏ బీమా అని చూడకుండా, పిల్లలందరికీ సెన్సర్ పెట్టే కార్యక్రమం చేపట్టారు. అన్ని వర్గాల పిల్లల్లోనూ చక్కెర అదుపు మెరుగైంది. ప్రభుత్వ బీమా ఉన్న పిల్లలూ, హిస్పానిక్ పిల్లలూ లాభపడ్డారు. ఇంగ్లండ్‌లో 2022 మార్చి నుంచి టైప్ 1 ఉన్న పిల్లలందరికీ సెన్సర్ ఇవ్వాలన్నది జాతీయ మార్గదర్శకం. మావోరీ, పసిఫిక్ ద్వీపాల పిల్లలు వెనకబడిపోతున్నారని వైద్యులు ఏళ్ల తరబడి మొత్తుకున్న న్యూజిలాండ్‌లో 2024 అక్టోబరు నుంచి ప్రభుత్వమే ఖర్చు భరిస్తోంది. సెన్సర్ చేతికందితే అంతా సమమైపోదు. స్టాన్‌ఫర్డ్ పిల్లల మధ్య కూడా పాత అంతరం పూర్తిగా చెరిగిపోలేదు. తిండి, ఇల్లు, బడి, తల్లిదండ్రుల పని గంటలు అలాగే ఉంటాయి. అయినా ‘వీళ్లు వాడలేరు’ అన్న పాత అంచనా తప్పని తేలింది. వాడలేరో, ఇవ్వలేదో ఇచ్చి చూస్తే కదా తెలిసేది.

తెలుగువాళ్లం ఈ కథను దూరం నుంచి చూసేవాళ్లం మాత్రమే కాదు. అమెరికా ఆసుపత్రుల్లో మన డాక్టర్లు వేలల్లో ఉన్నారు. సిఫార్సు చేసే కలం ఎన్నో చోట్ల మన చేతిలోనే ఉంది. ఎదుట కూర్చున్న నల్లజాతి తల్లిని చూసి ‘ఈమె చూసుకోగలదా’ అన్న సందేహం మనసులో మెదిలితే, అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాల్సిన బాధ్యత మనదే. దాన్ని అమెరికాలోనే నేర్చుకున్నామనీ చెప్పలేం. ఇక్కడ సెన్సర్‌ను చాలామంది సొంత డబ్బుతో కొనుక్కోవాలి. రెండు వారాలకో సెన్సర్ అంటే కూలి చేసుకునే ఇంటికి అందని మాట, గ్లూకోమీటర్ స్ట్రిప్పులు కొనడమే కష్టం. ఆ పేదరికం పక్కన మరొకటి కూడా ఉంది. చీర కట్టు చూసి, మాట యాస విని, ఊరి పేరో ఇంటి పేరో అడిగి, ‘వీళ్లకు చెప్పినా అర్థం కాదులే’ అని వివరించడం మానేసే అలవాటు. చదువురాని తల్లి కూడా బిడ్డ చెమట పట్టడం, చేతులు వణకడం, ఉన్నట్టుండి చిరాకు పడటం చూసి చక్కెర పడిపోయిందని గుర్తుపడుతుంది. బాణం పైకుందా కిందికుందా అన్నది ఆమెకు ఎందుకు అర్థం కాదు? అమెరికావాళ్లు జాతి గడి పెట్టుకుని తమ తప్పును లెక్కవేసి చూసుకున్నారు. మన ఆసుపత్రుల్లో ఏ కులం బిడ్డకు, ఏ పల్లె బిడ్డకు ఎంత వివరంగా చెబుతున్నామో లెక్కపెట్టడానికి మనం సిద్ధమేనా?

ఒకరి ఒంట్లో ఏం జరుగుతున్నదో తెలుసుకునే హక్కు ఆ ఒంటిదే. పసిబిడ్డ అయితే ఆ హక్కు బిడ్డను పెంచే చేతులది. దాన్ని శ్రద్ధకు బహుమతిగా ఇవ్వడం మొదలుపెట్టిన రోజునే వైద్యం తన పని మరిచి తీర్పరి అయింది. నేను కోరేది పెద్ద సిద్ధాంతమేమీ కాదు, రుజువు చూపాల్సిన భారాన్ని అటు నుంచి ఇటు మార్చడం. టైప్ 1 అని తేలిన ప్రతి బిడ్డకూ సెన్సర్ మొదటి రోజు నుంచే మామూలుగా అందాలి. తాను అర్హురాలినని తల్లి నిరూపించుకోనక్కర్లేదు. ఇవ్వకూడదనుకున్నవాళ్లే, ఆ బిడ్డ పేరు రాసి, కారణం రాసి, కింద సంతకం పెట్టాలి. అలా రాయాల్సి వస్తే, ఇన్నాళ్లూ చెప్పకుండానే చెల్లిపోయిన కారణాల్లో ఎన్ని కాగితం మీద నిలబడతాయో మనకే తెలుస్తుంది.